తొమ్మిది గంటల పరీక్ష

అక్కా,

ఈ ఉత్తరం చదివిన వెంటనే ఫోన్ మాత్రం చెయ్యకు. ఇక్కడ నేను ఫోన్‌లో ఒక మాట మాట్లాడితే కింద దుకాణంలో రెండు మాటలై వినిపిస్తుంది. గోడలకు చెవులుంటాయంటారు, మా ఇంట్లో మెట్లకు కూడా ఉన్నాయి. ఈ కాగితాన్ని పెట్టెలు తీసుకెళ్ళడానికి వచ్చే నెరిసిన మీసాల కొరియరాయన చేతిలో పెడతాను. ఆయన ఏమీ అడగడు. చొక్కా జేబులో పెట్టుకుని తల ఊపి వెళ్ళిపోతాడు.

నాలుగు నెలలుగా రాయలేదని నీకు కోపం వచ్చే ఉంటుంది. కోపం తెచ్చుకో, నాకు అదే కావాలి. ఇక్కడ నా మీద ఎవరూ కోప్పడరు. అదే భరించలేకపోతున్నాను.

మా ఇల్లు నువ్వు చూడలేదు కదా, ముందు అది చెబుతాను. కింద రోడ్డు వైపు బావగారి దుకాణం. ఆఫీసుల వాళ్ళు తీసేసిన పాత కంప్యూటర్లు కొని, బాగుచేసి, మళ్ళీ అమ్ముతారు. దాని వెనక కిటికీ లేని గది. అదే నా పనిగది. ఆ గదిలోంచే పైన మా వాటాకి మెట్లు. అంటే నేను వీధిలోకి రావాలంటే పనిగది దాటాలి, దుకాణం దాటాలి, బావగారి బల్ల దాటాలి. మధ్యాహ్నం ఆయన భోజనానికి వెళ్తూ బయటి నుంచి షట్టరు దించి తాళం వేస్తారు. “దొంగల భయం అమ్మాయ్, లోపల నువ్వున్నావుగా, సరుకు జాగ్రత్త” అంటారు. ఆ గంటసేపూ నేను సరుక్కి కాపలానో, సరుకునో నాకే తెలియదు.

నా పని డిస్కుల్ని పరీక్షించడం. కంప్యూటర్‌లో మనం దాచుకున్నవన్నీ, ఉత్తరాలు, ఫొటోలు, గొంతులు, ఉండేది అరచేతిలో పట్టే ఒక ఇనప డబ్బాలో. లోపల అద్దంలాంటి పళ్ళెం తిరుగుతూ ఉంటుంది. ఆ పళ్ళెం మీద కోట్ల కొద్దీ గడులు. వాటిలో కొన్ని పాడైనా పైకి ఏమీ తెలియదు. కంప్యూటర్ చక్కగా వెలుగుతుంది, అన్నీ చక్కగా తెరుచుకుంటాయి. నువ్వు కుట్టే ముందు బట్టని లైటుకి పట్టి చూస్తావే చిరుగులున్నాయేమోనని, నాదీ అలాంటి పనే. రెండు రకాల పరీక్షలున్నాయి. చిన్నది రెండు నిమిషాల్లో అయిపోతుంది. తిరుగుతోందా, కదులుతోందా అని అక్కడక్కడా తట్టి చూస్తుంది, అంతే. పెద్దది ప్రతి గడినీ చదువుతుంది. దానికి తొమ్మిది గంటలు. పొద్దున్నే ఎనిమిది డిస్కులు తగిలిస్తే సాయంత్రానికి సంగతి తెలుస్తుంది. నెగ్గినదాని మీద ‘పరీక్షించబడినది’ అని స్టిక్కరు వేసి నేను సంతకం పెడతాను. ఓడినదాన్ని ఎర్ర డబ్బాలో పడేస్తాను. శనివారం శనివారం మా ఆయన డ్రిల్లింగ్ మిషన్‌తో వాటికి బెజ్జాలు పెట్టి పాత ఇనప సామాన్లవాళ్ళకి ఇచ్చేస్తారు.

ఇప్పుడు తప్పు చెబుతాను. చలికాలంలో ఒక పెద్ద ఆర్డరు వచ్చింది. బావగారు నా కుర్చీ వెనక నిలబడి, “రెండు నిమిషాల్లో తేలేదానికి తొమ్మిది గంటలెందుకమ్మాయ్? అన్నం ఉడికిందో లేదో చూడటానికి కుండంతా తింటామా?” అన్నారు. మా ఆయన పక్కనే ఉన్నారు. ఏమీ అనలేదు. ఆయన ఎప్పుడూ ఏమీ అనరు. తల్లీ తండ్రీ పోయాక ఈ అన్నగారే పెళ్ళి కూడా మానుకుని పెంచారట. అన్న ఎదురుగా మా ఆయన కుక్కిన పేను. ఆ వారం పద్నాలుగు డిస్కులకి నేను చిన్న పరీక్ష మాత్రమే చేసి సంతకం పెట్టాను. పద్నాలుగూ అక్కా.

కిందటి మంగళవారం దుకాణానికి ఒకాయన, ఆయన భార్య వచ్చారు. ఆయన మెడకి గుడ్డ చుట్టుకుని ఉంది, చేతిలో చిన్న తెల్లపలక. మాట్లాడింది ఆవిడే. ఆయన ముప్ఫయ్యేళ్ళు రైల్వేస్టేషన్‌లో అనౌన్సరట. గొంతులో వ్యాధి వచ్చింది. ఆపరేషన్ చేస్తే బతుకుతారు గానీ మాట పోతుందన్నారట డాక్టర్లు. మన గొంతుతోనే మాట్లాడే యంత్రం ఒకటుందని, ముందే మాటలు రికార్డు చేసి పెట్టుకుంటే తరువాత బటన్ నొక్కగానే అది మన గొంతుతో పలుకుతుందని ఎవరో చెప్పారు. మా దగ్గరే కంప్యూటర్ కొన్నారు. ఐదు వారాలు కూర్చుని రోజూ మాటలు చెప్పారు. ఆపరేషన్ అయింది. ఆ యంత్రం మనిషి వచ్చి మాటలు ఎక్కించుకుందామని కంప్యూటర్ తెరిస్తే, తెరుచుకోలేదు.

“కాపీ తీసుకోలేదా అమ్మా?” అన్నారు బావగారు.

“అదే ఇప్పుడు తీయబోయామండీ” అంది ఆవిడ.

బావగారు వాళ్ళు తెచ్చిన కంప్యూటర్‌లోంచి డిస్కు బయటికి తీసి స్టిక్కరు చూసి నన్ను పిలిచారు. “మా అమ్మాయే పరీక్ష చేసింది, అడగండి.” అది నా సంతకమే. సున్నా చుట్టి కింద తోక. ఆయన పలక మీద రాసి నా ముందు పెట్టారు: ‘ఇది మీదేనా?’ నేను తల ఊపాను. బావగారు నా వంక చూస్తున్నారు. ఏం చెప్పాలో ఎవరూ నేర్పలేదు, అయినా నా నోట వచ్చేసింది.

“కింద పడేశారేమోనండీ.”

ఆయన పలక తుడిచి రాశారు: ‘పడలేదు.’ దాని కిందే మళ్ళీ రాశారు: ‘నాకు నోరు లేదని మీరన్నదే నిజమా?’

డిస్కుని బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయారు. బావగారు దాన్ని ఎర్ర డబ్బాలో పడేసి, “బాగా చెప్పావమ్మాయ్” అన్నారు. ఆ మెచ్చుకోలు వెచ్చగా వీపు మీద పడింది అక్కా. అప్పటి నుంచి ఆ చోట కడుక్కున్నా పోవడం లేదు.

దాని నంబరు చూసే ధైర్యం కూడా లేదు నాకు. ఆ పద్నాలుగింట్లో ఒకటే అయి ఉంటుంది, ఇంకేమిటి.

నీకు మొహం చూపించలేని,
గువ్వ


అక్కా,

నీ జవాబు కొరియరాయన పెట్టెల బిల్లు మడతలో పెట్టి ఇచ్చాడు. ‘ఏడవడం ఆపి, చేతికి తెలిసిన పని చెయ్యి’ అని ఒక్క వాక్యం రాశావు. కుట్టుమిషన్ మీద కూర్చుని రాసినట్టున్నావు, కాగితానికి నూనె మరక. ఆ మరకని ఎన్నిసార్లు చూసుకున్నానో.

చేతికి తెలిసిన పనే చేశాను. శనివారం రాకముందే ఎర్ర డబ్బాలోంచి ఆ డిస్కు తీసి, నా సొరుగులో పాత కేబుళ్ళ కింద దాచాను. డబ్బాలో దాని బదులు పనికిరానిది ఇంకొకటి పెట్టాను. మా ఆయన బెజ్జం పెట్టేటప్పుడు లెక్క సరిపోవాలి కదా.

పాడైన డిస్కుని మామూలుగా తెరవాలని చూస్తే అది పాడైన గడి దగ్గరే తల బాదుకుంటూ ఉండిపోతుంది. అలా వదిలేస్తే మొత్తానికే చస్తుంది. అందుకని బాగున్న చోట్లు ముందు చదివి ఇంకో డిస్కులోకి మార్చుకోవాలి, మొండికేసిన చోట్లు దాటేయాలి, మళ్ళీ వెనక నుంచి రావాలి. కొంచెం వేడెక్కితే ఆపాలి. చల్లారాక మళ్ళీ మొదలుపెట్టాలి. ఓపిక పని. రోజంతా మిగతా ఎనిమిదింటి మధ్య తొమ్మిదోదిగా దాన్ని తగిలించి ఉంచాను. బావగారు గదిలోకి వస్తే తెర మార్చేదాన్ని. రెండుసార్లు వచ్చారు. “ఏమిటమ్మాయ్, ఈ మధ్య గది వదలడం లేదు?” అన్నారు రెండోసారి. “పని ఎక్కువగా ఉంది బావగారూ” అన్నాను. నా కుర్చీ మీద చెయ్యి వేసి కాసేపు నిలబడి వెళ్ళారు. ఆ కాసేపూ లోపల పళ్ళెం కిర్రుకిర్రుమనడం ఆయనకి వినబడుతుందేమోనని నేను ఊరికే కీబోర్డు టకటకలాడించాను.

నాలుగో రోజుకి మొదటి ముక్క తెరుచుకుంది. మధ్యాహ్నం. షట్టరు దించి ఉంది. ఇంట్లో ఎవరూ లేరు. చెవుల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను.

“తలుపు వెయ్యి, దోమలొస్తాయి.”

అంతే అక్కా. ఆయన గొంతు. బొంగురుగా, నిండుగా, ఖాళీ బిందెలో నీళ్ళు పోసినట్టు ఉంది. ఇంత గొంతున్న మనిషి చేతిలో పలక పట్టుకుని నా ముందు నిలబడ్డాడా అనిపించింది. తరువాత వరసగా వచ్చాయి. “అది కాదు, దాని పక్కది.” “ఇంకొంచెం వడ్డించు.” “వింటున్నావా లేదా?” “నాకేం, బాగానే ఉన్నాను.” ఒక చోట ఆవిడ గొంతు వెనక నుంచి, “మళ్ళీ చెప్పండి, మధ్యలో ఆవలించారు” అంటుంది. ఆయన నవ్వుతారు. ఆ నవ్వు కూడా ఉంది. తాళం వేసిన గదిలో కూర్చుని నేనూ నవ్వాను, ఆ వెంటనే భయం వేసి హెడ్‌ఫోన్లు తీసేశాను.

ఇప్పుడు అసలు సంగతి. ఇది రాయడానికి రెండు రోజులు పట్టింది నాకు.

డిస్కు మీద ఎప్పుడు ఏ పరీక్ష జరిగిందో, దాంట్లో ఏమైందో, డిస్కే తనలో ఒక చిట్టా రాసుకుంటుంది. మనం లోపలున్నదంతా చెరిపేసినా ఆ చిట్టా మాత్రం పోదు. తేదీలుండవు. డిస్కు ఇప్పటిదాకా మొత్తం ఎన్ని గంటలు తిరిగిందో, ఆ గంటలుంటాయి. అమ్మిన డిస్కు మళ్ళీ నా దగ్గరికి రాదు, బావగారు వెనక్కి తీసుకోరు, కాబట్టి ఆ చిట్టా చూసే అవసరం నాకెప్పుడూ పడలేదు. ఎంతవరకు చదివిందో చూద్దామని తెరిస్తే కనబడింది.

పదకొండు వేల నాలుగు వందల ఎనభై రెండు గంటల దగ్గర: పెద్ద పరీక్ష. చదవలేక మధ్యలో ఆగింది. ఫెయిల్.

నేను ఆ వారం పెద్ద పరీక్షలు చేయనే లేదు కదా? సొరుగులోంచి నా నోట్‌బుక్ తీశాను. ప్రతి డిస్కుకీ నంబరు, గంటలు, ఫలితం రాసుకుంటాను, నీకు తెలుసుగా నా చాదస్తం. ఇది ఆ పద్నాలుగింట్లోది కాదు. దానికి రెండు నెలల ముందుది. నా చేత్తో, నా ముత్యాల అక్షరాలతో, 11,482 అని రాసి, పక్కన ‘ఫెయిల్’ అని రాసి, ఎర్ర పెన్నుతో గీత కూడా గీశాను.

నేను దీన్ని పారేశాను అక్కా. ఎర్ర డబ్బాలో వేశాను.

చిట్టాలో దాని తరువాత ఇంకొక వరుస ఉంది. పదమూడు గంటల తరువాత చిన్న పరీక్ష. పాస్. అంటే ఎవరో దీన్ని డబ్బాలోంచి తీసి, మొత్తం సున్నాలతో నింపారు. అలా నింపితే పాడైన గడులు కొన్నాళ్ళు తల దాచుకుంటాయి. ఆ తరువాత చిన్న పరీక్ష చేశారు. స్టిక్కరు వేశారు. సున్నా చుట్టి, కింద తోక గీశారు.

బావగారికి కొనడం, అమ్మడం తప్ప కంప్యూటర్‌లో ఏ మీట ఎక్కడుంటుందో తెలియదు. ఈ ఇంట్లో ఆ పరీక్ష చెయ్యడం వచ్చినవాళ్ళం ఇద్దరమే.

నాకు ఆ పని నేర్పింది మా ఆయనే.

గువ్వ


అక్కా,

అడిగేశాను. ఆదివారం పొద్దున, బావగారు క్షవరానికి వెళ్ళినప్పుడు. మా ఆయన పైన మంచం మీద కూర్చుని చెప్పుల తెగిన పట్టీ అతికిస్తున్నారు. నోట్‌బుక్ తెరిచి ఆయన ఒళ్ళో పెట్టాను. చిట్టా కాగితం మీద అచ్చు తీసి దాని పక్కన పెట్టాను.

ఆయన చూశారు. ‘నేను కాదు’ అంటారనుకున్నాను. నేను కాదంటే ఎలా నమ్మాలా అని కూడా ఆలోచించి పెట్టుకున్నాను.

“ఎలా తెలిసింది?” అన్నారు.

మంచం కోడు పట్టుకుని కూర్చున్నాను.

“నా సంతకం ఎప్పుడు నేర్చుకున్నారు?”

“ఆ తోక తిప్పడం రావడానికి వారం పట్టింది” అన్నారు. గొప్పకి కాదు. అడిగితే చెప్పారంతే. “అన్నయ్యకి ఆర్డరుకి ఒకటి తక్కువైంది. ‘డబ్బాలో ఉన్నవాటిల్లో ఒకటి చూడరా, అన్నీ అంత పాడైపోయి ఉంటాయా, మీ ఆవిడ మరీ చాదస్తం’ అన్నాడు. అన్నయ్య అడిగితే కాదనడం నాకు రాదు. నీకు తెలుసు.”

“మరి నన్ను అడగడం వచ్చా?”

“అడిగితే నువ్వు ఒప్పుకోవు.”

“మీ సంతకమే పెట్టుకోవచ్చుగా?”

జిగురు ఆరిపోతోంది, చెప్పు చేతిలో అలాగే ఉంది. “స్టిక్కర్ల మీద ఎప్పుడూ నీదే కదా, ఇది మాత్రం వేరేగా ఉంటే అడుగుతారు” అన్నారు.

“ఒక్కటేనా?”

“పోనీలే, వదిలెయ్యి. అయిందేదో అయింది. బయట పడితే నీ పేరే బయట పడుతుంది.”

బెదిరించలేదక్కా. బెదిరిస్తే ఎదురు తిరిగేదాన్ని. వాన వచ్చేలా ఉంది, బట్టలు తియ్యి అన్నట్టు అన్నారు. నిజమే కూడా. నేను కాదని చెప్పాలంటే ఆయనే అని చెప్పాలి. చెప్పకపోతే నేనే. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు చూడు, ఆ రెండింటి మధ్య నిలబడటానికి కాస్త గట్టు ఉంటుందనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఆ సాయంత్రం నోట్‌బుక్ పట్టుకుని ఎర్ర డబ్బా దగ్గర కూర్చున్నాను. బెజ్జాలు పెట్టినవాటి నంబర్లు ఆయన డబ్బా మూత మీద అతికించిన కాగితంలో రాస్తారు. ఈ ఏడాది నేను ఫెయిల్ అని రాసినవాటితో సరిచూశాను. అనౌన్సరు గారిది కాక ఇంకా తొమ్మిది లేవు. ఎక్కడికో వెళ్ళిపోయాయి నా సంతకంతో. పాత ఏళ్ళ నోట్‌బుక్‌లు ఇల్లు సర్దినప్పుడు పారేశాను, కాబట్టి అంతకు ముందు సంగతి తెలియదు. ఎవరి ఇంట్లో ఏమి దాచుకుని ఉన్నారో వాటిల్లో, ఎప్పుడు తెరవబోతారో.

మరునాడు పొద్దున చూస్తే బావగారు డబ్బాకి తాళం వేసి ఉంచారు. నా సొరుగు కూడా ఎవరో కదిపారు. అనౌన్సరు గారి మాటలు ఎక్కించిన డిస్కునీ, నా నోట్‌బుక్‌నీ నేను సంచీలో గుడ్డల మధ్య పెట్టుకున్నాను గనుక దొరకలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర బావగారు చాలా ప్రేమగా, “అమ్మాయ్, అలసిపోతున్నావు. వచ్చే నెల నుంచి పరీక్షలు వాడే చూసుకుంటాడు. నువ్వు సంతకాలు పెడితే చాలు” అన్నారు.

నేను మా ఆయన వంక చూశాను. ఆయన పళ్ళెంలోకి చూస్తున్నారు.

శుక్రవారం వచ్చేస్తున్నాను అక్కా. రెండు జతల బట్టలు సర్దుకున్నాను. ఎవరికీ చెప్పను. నీ దుకాణంలో గుండీలు కుట్టి బతుకుతాను. నన్నేమీ అడగకుండా ఉండనిస్తావని తెలుసు.

గువ్వ


అక్కా,

శుక్రవారం బస్టాండులో ఎంతసేపు నిలబడ్డావో. క్షమించు. రాలేదు. అలాగని ఆగిపోనూ లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పది గంటలకి సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగాను. బావగారు బల్ల దగ్గరే ఉన్నారు. నేను వారం రోజులుగా ఎన్నో అబద్ధాలు కట్టి పెట్టుకున్నాను, పంటి నొప్పి అని, దారం కొనాలి అని. ఆయన “ఎక్కడికమ్మాయ్?” అనేసరికి ఒక్కటీ గుర్తు రాలేదు.

“బయటికి” అన్నాను.

ఆయన తేరుకునేలోపు నేను మలుపు తిరిగాను.

బస్సు ఎక్కేముందు ఆ డిస్కు వాళ్ళకి ఇచ్చేసి వెళ్దామనుకున్నాను. దుకాణం పుస్తకంలో వాళ్ళ చిరునామా ఉంది. రెండో అంతస్తు, పాచిరంగు తలుపు. ఆవిడే తీసింది. నన్ను గుర్తు పట్టి తలుపు సగమే ఉంచింది.

“పడెయ్యలేదండీ” అన్నాను, లోపలికి కూడా వెళ్ళకుండానే. “ఆయన చేతిలోంచి పడలేదు. నేను అబద్ధం చెప్పాను. అది మేము పారెయ్యాల్సిన డిస్కు. పాడైందని మాకు ముందే తెలుసు.” ఎవరికి తెలుసు, సంతకం ఎవరిది, అదంతా చెప్పలేదు. మేము అన్నాను.

వెనక నుంచి ఆయన వచ్చి నిలబడ్డారు. పలక లేదు చేతిలో. లోపలికి రమ్మని తల ఊపారు.

నేను తెచ్చిన డిస్కుని వాళ్ళ కొత్త కంప్యూటర్‌కి తగిలించాను. వెయ్యిన్నర మాటల్లో పన్నెండు వందలు దొరికాయని, మూడొందలు దొరకలేదని చెప్పాను. ఆయన పలక తెచ్చుకుని మొదటి ప్రశ్న రాశారు.

‘తిట్లున్నాయా?’

నాకు అర్థం కాలేదు. ఆవిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “నేనే రికార్డు చేయించానమ్మా. తిట్లు లేకపోతే ఈయన ఈయనలా ఎలా ఉంటారు?” ఉన్నాయి. వెతికి పెట్టాను. “వెధవన్నర వెధవా!” అని గది దద్దరిల్లేలా వచ్చింది. ఆయన నవ్వారు. నవ్వు ముఖం మీద మాత్రమే ఉంది, చప్పుడు లేదు. కంప్యూటర్‌లోంచి వచ్చే ఆయన గొంతూ, ఎదురుగా చప్పుడు లేని ఆయన నవ్వూ. నేను చూడలేకపోయాను.

దొరకని మూడొందలూ ఏవో తరువాత తెలిసింది. ఇంట్లోవాళ్ళని, చుట్టాలని పేరు పెట్టి పిలిచినవన్నీ ఆఖరి వారంలో చెప్పారట. అవి ఒక్కటి కూడా లేవు. ఆయన ముఖం చిన్నబోయింది. కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. ఆవిడ, “పోనీలెండి. నన్ను మీరు పేరు పెట్టి పిలిచిందెప్పుడు గనక” అని, నా వైపు తిరిగి మెల్లగా అడిగింది. “అమ్మా, ‘ఇదిగో’ అని ఒకటి ఉండాలి. నలభై ఏళ్ళుగా నా పేరు అదే. అది ఉందా?”

వరుసలన్నీ వెతికాను. ఉంది.

“ఇదిగో…”

ఆవిడ “ఆఁ” అంది. తలుపు దగ్గర నుంచి పిలిస్తే వంటింట్లోంచి పలికినట్టు అంది. తరువాత గోడ వైపు తిరిగి నిలబడింది.

ఆయన నన్ను క్షమించానని రాయలేదు. రాస్తే నేను సంతోషంగా బస్సెక్కి ఉండేదాన్నేమో. లేచి వచ్చి పలక నా ముందు పెట్టారు.

‘మిగతావాళ్ళ సంగతి?’

తొమ్మిది, పద్నాలుగు. ఇరవై మూడు ఇళ్ళు. వాళ్ళ చిరునామాలు నాకు తెలియవు, దుకాణం పుస్తకంలో డిస్కుల నంబర్లు ఉండవు. నాకు తెలిసింది నంబర్లే. బస్టాండు ఎడమ వైపు అక్కా. నేను కుడి వైపు తిరిగాను.

దుకాణానికి ముందు అద్దం తలుపు ఉంది. డిస్కుల మీద రాసే నల్ల పెన్ను సంచీలో ఉంది, నీళ్ళకి పోనిది. పట్టపగలు, రోడ్డు మీద అందరూ నడుస్తుండగా, ఆ అద్దం మీద పెద్ద అక్షరాలతో రాశాను: ‘ఈ నంబర్లున్న డిస్కులు నమ్మదగినవి కావు. మీ వస్తువులు వెంటనే వేరేచోట దాచుకుని, వీటిని వెనక్కి తీసుకురండి.’ కింద నోట్‌బుక్ చూసి ముందుగా నా పద్నాలుగూ రాశాను. తరువాత ఆ తొమ్మిది. చివర నా సంతకం కాదు, పూర్తి పేరు రాశాను, ఇంటిపేరుతో సహా.

బావగారు బయటికి వచ్చారు. చదివారు. గుడ్డ తెచ్చి తుడిచారు. పోలేదు. ఉమ్మి తడిపి తుడిచారు. అప్పటికి పక్క దుకాణాల వాళ్ళు చేరారు.

“పిచ్చెక్కిందా నీకు? వాణ్ణి నేనెలా పెంచానో తెలుసా? పస్తులుండి పెంచాను!”

“తెలుసు బావగారూ. రోజూ వింటూనే ఉన్నాను” అన్నాను.

అప్పుడు మా ఆయన లోపలి నుంచి వచ్చారు. అద్దం ముందు నిలబడి పై నుంచి కింది దాకా చదివారు. నా పేరు దగ్గర ఆగారు. ఇప్పుడు ఈయన కూడా గుడ్డ అందుకుంటారు, అయిపోతుంది అనుకున్నాను. ఆయన జేబులోంచి పర్సు తీశారు. పర్సు లోపలి అరలోంచి నాలుగు మడతల కాగితం ఒకటి తీశారు. మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. చెయ్యి చాపి నన్ను పెన్ను అడిగారు.

“ఒరేయ్, ఆగరా” అన్నారు బావగారు.

ఆయన ఆగలేదు. నా తొమ్మిదింటి కింద, కాగితం చూసి రాయడం మొదలుపెట్టారు. పది. పదిహేను. అంకెలు వంకరపోతున్నాయి, చెరిపి మళ్ళీ రాయడానికి లేదు. ముప్ఫై ఒకటి రాశారు అక్కా. నాకు తెలియనివి ముప్ఫై ఒకటి. అద్దం సరిపోక చివరివి కిందికి, గుమ్మం దాకా వచ్చాయి. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని రాశారు. చివర ‘ఈ సంతకాలు నేను పెట్టినవి’ అని రాసి తన పేరు రాశారు.

బావగారు బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చున్నారు. అంత పెద్ద మనిషి అంత చిన్నగా కనబడటం నేనెప్పుడూ చూడలేదు, చూడాలని కూడా అనుకోలేదు.

ఆ కాగితం ఇప్పుడు నా దగ్గర ఉంది. దానిలో మొదటి నంబరు నేను ఈ పనిలో చేరిన రెండో వారంలోది. అప్పటి నుంచి ప్రతిదీ రాసి పెట్టుకున్నారు. అన్నేళ్ళు నా దగ్గర దాచారే అని ఏడవాలో, అన్నేళ్ళు తన దగ్గర దాచుకున్నారే అని ఏడవాలో తెలియడం లేదు. రెండింటికీ ఒకే ఏడుపు వస్తోంది.

నిన్న సాయంత్రం ముగ్గురు వచ్చారు. ఒకావిడ కంప్యూటర్‌ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వచ్చింది. ఇద్దరివి బాగానే ఉన్నాయి. ఒకటి అప్పుడే మొరాయించడం మొదలుపెట్టింది, నిదానంగా చదివిస్తున్నాను. మా ఆయన పక్క బల్ల మీద పని చేస్తున్నారు. మాట్లాడుకోవడం లేదు. నిన్న ఒక్కసారి “ఆ కేబులు ఇవ్వండి” అన్నాను, ఇచ్చారు. బావగారు కింద పడుకుంటున్నారు, షట్టరు మాత్రం దించడం లేదు.

యాభై నాలుగు డిస్కులూ ఏదో ఒక దారిన తేలాక వస్తాను. నాకోసం పక్క ఇప్పుడే వెయ్యకు. ఒక్కదాన్నే వస్తానా, ఇద్దరం వస్తామా అని అడగకు అక్కా. నాకే తెలియదు. తెలిసిన రోజు నీకే ముందు రాస్తాను.

నీ చెల్లెలు